‘మేమే ప్రజలం’: తూర్పు జర్మనీ పౌర ఉద్యమాల వారసత్వం - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

1989 శరత్కాలంలో తూర్పు జర్మనీలోని నలభై ఏళ్ల ఏకపార్టీ పాలన రక్తపాతం లేకుండా ముగిసింది. ఆ పరిణామంలో పౌర బృందాల పాత్ర ఎంత, అవి మిగిల్చిన వారసత్వం ఎటువంటిది, నేడు దానిపై హక్కు ఎవరిది అన్న ప్రశ్నలను లైప్‌జిగ్ నగరం కేంద్రంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉద్యమ నినాదాల్లోని ‘ఫోల్క్’ అనే పదం పొందిన అర్థపరిణామం, రహస్య పోలీసు దస్త్రాల పరిరక్షణ ఈ పరిశీలనకు ప్రధానాధారాలు.

కీలకపదాలు: తూర్పు జర్మనీ, లైప్‌జిగ్, పౌర ఉద్యమం, అహింస, గుండ్రబల్ల సమావేశం, ష్టాజీ, దస్త్రాలు.

1. ఉపోద్ఘాతం

1989 నాటి ఘటనలను ఏ పేరుతో పిలవాలన్న విషయంలో జర్మన్ సమాజంలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. వాడుకలో ఎక్కువగా వినిపించే మాట ‘వెండె’. దానికి ‘మలుపు’ అని అర్థం. అయితే ఆ మాటను ఆ సందర్భంలో ప్రచారంలోకి తెచ్చినవాడు ఉద్యమకారుడు కాదు. 1989 అక్టోబరు 18న ఎరిక్ హోనెకర్ స్థానంలో పార్టీ నాయకత్వం చేపట్టిన ఎగోన్ క్రెంజ్, పార్టీయే ఒక మలుపుకు శ్రీకారం చుట్టబోతున్నదని ప్రకటిస్తూ దాన్ని వాడాడు. వీధుల్లో నడిచిన లక్షలాది మంది చేసిన పనిని పార్టీ ఖాతాలో జమకట్టే మాట అది. అందుకే ఉద్యమంలో పాల్గొన్నవారిలో చాలామంది ‘శాంతియుత విప్లవం’ అనే పేరునే కోరుకొన్నారు.

తెలుగులో ఆలోచించేవారికి ఈ రెండో పేరు కొంత ఇబ్బంది కలిగిస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటం, 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘం, ఆ తరువాతి సాహిత్య చర్చలు కలిసి తెలుగులో ‘విప్లవం’ అనే మాటకు ఒక స్థిరమైన అర్థాన్ని ఇచ్చాయి. ఆ అర్థంలో విప్లవం కమ్యూనిస్టు అధికారాన్ని స్థాపించేదే కాని కూల్చేది కాదు. అది ఆయుధాన్ని వదిలి సాగేది కూడా కాదు. తూర్పు జర్మనీ అనుభవం ఈ రెండు భావనలనూ తారుమారు చేస్తుంది. సోవియట్ పతనంపై తెలుగులో జరిగిన చర్చ ప్రధానంగా సిద్ధాంతం ఓడిందా, ఆచరణ ఓడిందా అన్న వాదం చుట్టూ తిరిగింది. ఆ చర్చలో ఊరేగింపులో నడిచిన సాధారణ పౌరుడికి దక్కిన చోటు తక్కువ.

2. చర్చి ఆవరణలో పౌర బృందాలు

1949 అక్టోబరు 7న ఏర్పడిన జర్మన్ ప్రజాస్వామిక గణతంత్రంలో అధికారం సోషలిస్టు ఐక్యతా పార్టీది. 1968 రాజ్యాంగం తన మొదటి అధికరణంలోనే శ్రామికవర్గానికీ, దాని పార్టీకీ నాయకత్వ స్థానాన్ని కట్టబెట్టింది. 1953 జూన్ 17న కార్మికుల తిరుగుబాటును సోవియట్ ట్యాంకులు అణచివేశాయి. 1961 ఆగస్టు 13న బెర్లిన్ గోడ లేచింది. ఈ రెండు తేదీల జ్ఞాపకం తరువాతి తరం ప్రతి అడుగునూ నియంత్రించింది.

అనుమతి లేకుండా నలుగురు చేరి మాట్లాడుకోగలిగిన చోటు ప్రొటెస్టెంటు చర్చి ఒక్కటే. శాంతి, పర్యావరణం, మానవహక్కుల పేరుతో చిన్న చిన్న బృందాలు దాని నీడలో పెరిగాయి. లైప్‌జిగ్‌లోని సెయింట్ నికొలాయ్ చర్చిలో 1982 నుండి ప్రతి సోమవారం సాయంత్రం 5 గంటలకు శాంతి ప్రార్థనలు క్రమం తప్పకుండా జరిగేవి. ఆ చర్చి పాస్టరు క్రిస్టియన్ ఫ్యూరర్ పేరు నేడు అందరికీ తెలుసు. అంతగా ప్రాచుర్యానికి రాని క్రిస్టోఫ్ వొనెబెర్గర్ అనే మరో పాస్టరు ఆ ప్రార్థనలకు రాజకీయ స్వభావం కల్పించడంలో చేసిన కృషి తక్కువది కాదు. చర్చి యాజమాన్యానికీ ఈ బృందాలకూ మధ్య ఘర్షణ కూడా ఉండేది. ప్రభుత్వాన్ని రెచ్చగొట్టకూడదన్న జాగ్రత్త పైస్థాయి మతాధికారుల్లో బలంగా ఉండేది. కాబట్టి చర్చి విప్లవాన్ని నడిపిందనడం కంటె, బృందాలు చర్చిలో చోటు సంపాదించుకొన్నాయనడం సమంజసం.

1989 మే 7న జరిగిన స్థానిక ఎన్నికలు ఈ బృందాలకు తమ శక్తి ఏమిటో చూపించాయి. ప్రభుత్వ జాబితాకు 98.85 శాతం ఓట్లు పడినట్టు అధికారులు ప్రకటించారు. అయితే ఈసారి పౌరులు అనేక పోలింగు కేంద్రాల్లో నిలబడి, చట్టం ఇచ్చిన హక్కు మేరకు ఓట్ల లెక్కింపును చూసి, అంకెలు రాసుకొన్నారు. ఆ అంకెలకూ ప్రకటించిన అంకెలకూ పొంతన కుదరలేదు. అబద్ధమని అందరికీ తెలిసిన విషయం తొలిసారిగా కాగితంపై రుజువైంది. ఉపన్యాసం, నినాదం లేని ఈ లెక్కింపు పని ఆ తరువాతి ఆరు నెలలకు పునాది.

3. వెళ్లేవారు, ఉండేవారు

ఆ వేసవిలో హంగరీ తన సరిహద్దు కంచెను తొలగించింది. సెప్టెంబరు 11న ఆస్ట్రియా వైపు దారిని అధికారికంగా తెరిచింది. 1989లో మొత్తం 3,40,000 మందికి పైగా తూర్పు జర్మనీని విడిచివెళ్లారు. లైప్‌జిగ్ చర్చి బయట రెండు రకాల కేకలు వినిపించేవి. ‘మేం వెళ్లిపోతాం’ అన్నది ఒకటి. ‘మేం ఇక్కడే ఉంటాం’ అన్నది రెండోది. వినడానికి రెండో నినాదం విధేయతలా ఉన్నా, పాలకులను ఎక్కువగా భయపెట్టింది అదే. వెళ్లేవారిని దేశద్రోహులని తిట్టి చేతులు దులుపుకోవచ్చు. ఉండి ప్రశ్నించేవారితో అది కుదరదు.

నిష్క్రమణ, నిరసన పరస్పర విరుద్ధాలని, ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతుందని ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో సిద్ధాంతీకరించాడు. 1993లో తూర్పు జర్మనీని అధ్యయనం చేసి, అక్కడ ఈ రెండూ ఒకదానికొకటి తోడ్పడ్డాయని తన సిద్ధాంతాన్ని తానే సవరించుకొన్నాడు. ఒక పండితుడు తన సూత్రాన్ని ఇలా బహిరంగంగా దిద్దుకోవడం అరుదు.

సెప్టెంబరు 4న, అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన కారణంగా పశ్చిమ దేశాల విలేకరులు లైప్‌జిగ్‌లో ఉన్నారు. ఆ రోజు కాత్రిన్ హాటెన్‌హవర్, గెసీనె ఓల్ట్‌మన్స్ అనే ఇద్దరు యువతులు చర్చి ముందు ఒక బ్యానరు పట్టుకొన్నారు. స్వేచ్ఛగల మనుషులతో కూడిన, తలుపులు తెరిచిన దేశం కావాలన్నది అందులోని కోరిక. రహస్య పోలీసులు దాన్ని క్షణాల్లో లాగేశారు. కాని కెమెరాలు ఆ దృశ్యాన్ని పట్టుకొన్నాయి. అదే నెలలో బెర్లిన్ సమీపంలోని గ్రూన్‌హైడెలో చిత్రకారిణి బేర్బెల్ బోలై, జీవశాస్త్రవేత్త యెన్స్ రైఖ్ తదితర 30 మంది కలిసి ‘నొయెస్ ఫోరుమ్’ (నూతన వేదిక) ప్రారంభ ప్రకటనపై సంతకాలు చేశారు. అందులో సోషలిజాన్ని కూలదోయాలన్న మాట లేదు, దేశాల విలీనం గురించిన మాటా లేదు. రాజ్యానికీ సమాజానికీ మధ్య సంభాషణ తెగిపోయిందని, దాన్ని పునరుద్ధరించాలని మాత్రమే ఉంది. ప్రభుత్వం ఆ వేదికను రాజ్యవ్యతిరేకమని తిరస్కరించింది. ఏడాది చివరికి దానికి మద్దతుగా దాదాపు రెండు లక్షల సంతకాలు చేరాయి.

4. అక్టోబరు 9

అక్టోబరు మొదటి వారంలో ఏమి జరుగుతుందో ఎవరికీ తెలియదు. జూన్‌లో బీజింగ్‌లోని తియనన్మెన్ కూడలిలో జరిగిన కాల్పులను తూర్పు జర్మనీ పార్లమెంటు సమర్థిస్తూ తీర్మానం చేసింది. గణతంత్ర 40వ వార్షికోత్సవమైన అక్టోబరు 7న బెర్లిన్‌లో నిరసనకారులను పోలీసులు కొట్టి లారీల్లో ఎక్కించారు. అదే రోజు దక్షిణాన ప్లౌఎన్ అనే చిన్న పట్టణంలో పదివేల మందికి పైగా వీధుల్లోకి వచ్చారు. అగ్నిమాపక వాహనాలతో నీళ్లు చిమ్మినా వారిని చెదరగొట్టలేకపోయారు. కెమెరాలు లేనందువల్ల ప్లౌఎన్ చాలాకాలం చరిత్రకెక్కలేదు. అక్టోబరు 8న డ్రెస్డెన్‌లో పోలీసు వలయంలో చిక్కుకొన్న జనం తమలో నుండి ఇరవై మందిని ప్రతినిధులుగా ఎన్నుకొన్నారు. మరునాడు నగర మేయరు వారితో మాట్లాడాడు. కనుక అక్టోబరు 9 శూన్యం నుండి పుట్టింది కాదు.

ఆ సోమవారానికి ముందు, అక్టోబరు 6న, లైప్‌జిగ్ పార్టీ దినపత్రికలో కార్మిక దళ నాయకుడొకరి పేరుతో ఒక లేఖ అచ్చయింది. సోషలిజాన్ని అవసరమైతే ఆయుధం చేతబట్టి కాపాడతామని అది హెచ్చరించింది. నగరంలో సుమారు 8,000 మంది సాయుధ బలగాలను మోహరించారు. ఆసుపత్రులు సిద్ధంగా ఉన్నాయన్న వార్త ఇంటింటికీ పాకింది. నికొలాయ్ చర్చి బల్లలను నింపి నిరసనకారులకు చోటు లేకుండా చేయడానికి వందలాది పార్టీ సభ్యులను మధ్యాహ్నమే పంపారు. అయితే లోపల కూర్చొన్న ఆ సభ్యులు కూడా ప్రార్థననూ, అహింసకు చేసిన విజ్ఞప్తినీ వినవలసివచ్చింది.

ఆనాటి రెండు పత్రాలు ప్రత్యేకంగా గమనించదగినవి. మొదటిది ప్రసిద్ధం. గెవాంధవుస్ వాద్యబృంద సంచాలకుడు కుర్ట్ మజూర్, వేదాంత ఆచార్యుడు పేటర్ జిమ్మర్‌మన్, హాస్యనటుడు బెర్న్డ్-లూట్స్ లాంగె, పార్టీ జిల్లా కార్యదర్శులు ముగ్గురు కలిసి చేసిన విజ్ఞప్తి అది. సంభాషణకు అవకాశం కల్పించేలా అందరూ సంయమనం పాటించాలని అది కోరింది. దాన్ని చర్చిల్లో చదివారు. మజూర్ స్వరంలో నగర లౌడ్‌స్పీకర్లలో వినిపించారు. పైనుండి అనుమతి లేకుండానే ముగ్గురు పార్టీ కార్యదర్శులు సంతకం చేయడం అధికార యంత్రాంగంలో ఏర్పడిన చీలికకు గుర్తు.

రెండోది అంతగా తెలియనిది. వొనెబెర్గర్‌తో కలిసి పనిచేసిన పౌర బృందాలు రహస్యంగా అచ్చు తీసి వేల ప్రతులు పంచిన కరపత్రం అది. ఊరేగింపులో ఎవరూ రాళ్లు రువ్వకూడదని, పోలీసు వలయాన్ని తోయకూడదని అది ప్రజలకు చెప్పింది. పోలీసులకూ, దళ సభ్యులకూ నేరుగా విజ్ఞప్తి చేసింది. ‘వియర్ జిండ్ ఐన్ ఫోల్క్’, మనమంతా ఒకే ప్రజలం, అన్న వాక్యం అందులో ఉంది. లాఠీ పట్టినవాడూ కొవ్వొత్తి పట్టినవాడూ ఒకే సమాజానికి చెందినవారన్నది ఇక్కడ దాని అర్థం.

ఆ సాయంత్రం సుమారు 70,000 మంది నగర వలయ రహదారిపై నడిచారు. ‘హింస వద్దు’ అన్నదే ఎక్కువసార్లు వినిపించిన కేక. రహస్య పోలీసు కార్యాలయమైన ‘రుండె ఎకె’ భవనం ముందు నుంచి నడిచినప్పుడు కూడా రాయి పడలేదు. నిర్ణయం తీసుకోవలసిన తాత్కాలిక జిల్లా పార్టీ అధిపతి హెల్ముట్ హాకెన్‌బెర్గ్ బెర్లిన్ ఆదేశం కోసం ఫోను చేశాడు. సకాలంలో జవాబు రాకపోవడంతో బలగాలను ఆత్మరక్షణకే పరిమితం కమ్మన్నాడు. క్రెంజ్ నుండి సమ్మతి వచ్చేసరికి ఊరేగింపు దాదాపు తన చుట్టు పూర్తిచేసింది. తూర్పు జర్మనీలోని 3 లక్షలకు పైబడిన సోవియట్ సైనికులు బారకాసులు దాటలేదు. గోర్బచేవ్ విధానం లేకపోతే ఇది ఊహకందనిది. అయితే శిబిరంలోని సోవియట్ సైనికుడు స్థానిక పోలీసును కాల్చవద్దని చెప్పలేదు. ఆ ఖాళీని పూరించింది ఊరేగింపు క్రమశిక్షణే.

అరామ్ రాడోమ్‌స్కి, జీగ్‌బెర్ట్ షెఫ్కె అనే ఇద్దరు సంస్కరణ చర్చి గోపురంపై పడుకొని ఆ దృశ్యాలను చిత్రీకరించారు. ఒక పశ్చిమ విలేకరి టేపును సరిహద్దు దాటించాడు. మరునాటి రాత్రి తూర్పు జర్మన్లు తమ దేశ వీధులను పశ్చిమ టెలివిజన్‌లో చూశారు. తరువాతి సోమవారాల్లో సంఖ్య లక్ష దాటింది. తొమ్మిది రోజుల్లో హోనెకర్ పదవి పోయింది. నెల తిరిగేసరికి గోడ తెరుచుకొంది. లోకం జ్ఞాపకంలో నవంబరు 9 నిలిచింది. దానికి మార్గం వేసిన అక్టోబరు 9 లైప్‌జిగ్ వెలుపల అంతగా నిలవలేదు.

5. గుండ్రబల్ల: సగంలో ఆగిన పని

పోలండు నమూనాను అనుసరించి డిసెంబరు 7న బెర్లిన్‌లో కేంద్ర గుండ్రబల్ల సమావేశం ప్రారంభమైంది. 1990 మార్చి 12 వరకు 16 సార్లు సమావేశమైంది. ప్రభుత్వ పక్షం, పౌర బృందాలు చర్చి ప్రతినిధుల అధ్యక్షతన ఎదురెదురుగా కూర్చొన్నాయి. అధికారాన్ని చేజిక్కించుకోవడం కాక పర్యవేక్షించడమే తమ పని అని పౌర బృందాలు భావించాయి. ఇది వారి నైతిక బలం. రాజకీయంగా అదే వారి బలహీనత అని కూడా చెప్పక తప్పదు.

1990 మార్చి 18 ఎన్నికల్లో 93 శాతానికి పైగా ఓటర్లు పాల్గొన్నారు. శీఘ్ర విలీనాన్ని వాగ్దానం చేసిన క్రైస్తవ ప్రజాస్వామిక కూటమికి 48 శాతం ఓట్లు వచ్చాయి. ఉద్యమానికి ముందు నిలిచిన బృందాల కూటమి ‘బూండ్నిస్ 90’కి దక్కింది 2.9 శాతం. గుండ్రబల్ల తయారుచేసిన రాజ్యాంగ ముసాయిదాను కొత్త పార్లమెంటు పట్టించుకోలేదు. అక్టోబరు 3న పశ్చిమ జర్మనీ మూల చట్టం పరిధిలోకి తూర్పు ప్రాంతం చేరింది.

ప్రజా ఆస్తిని వాటా పత్రాల రూపంలో పౌరులకే పంచాలన్న ఆలోచన గుండ్రబల్ల వద్ద వోల్ఫ్‌గాంగ్ ఉల్‌మన్ ప్రతిపాదించినది. దాన్నుండి పుట్టిన ‘ట్రాయ్‌హాండ్’ సంస్థ మాత్రం తరువాత పరిశ్రమల అమ్మకానికీ మూసివేతకూ పర్యాయపదమైంది. తూర్పు ప్రాంతంలో నేటికీ వినిపించే అసంతృప్తికి దాని జ్ఞాపకం ఒక మూలం.

6. దస్త్రాలు: నిలిచిన వారసత్వం

2.9 శాతం అనే అంకెను చూసి పౌర బృందాలు విఫలమయ్యాయనే చరిత్రకారులు దస్త్రాల కథను తగినంతగా లెక్కలోకి తీసుకోలేదనిపిస్తుంది. ‘ష్టాజీ’గా ప్రసిద్ధమైన రాజ్య భద్రతా శాఖలో 1989 నాటికి దాదాపు 91,000 మంది ఉద్యోగులుండేవారు. వారికి తోడు లక్షన్నరకు పైగా రహస్య సమాచారదారులు. డిసెంబరు 4 ఉదయం, ఎర్‌ఫుర్ట్ నగరంలో ష్టాజీ కార్యాలయ చిమ్నీల నుండి పొగ రావడాన్ని గమనించిన కొందరు మహిళలు దస్త్రాలు కాలిపోతున్నాయని గ్రహించారు. ఇతరులను కూడగట్టుకొని భవనంలోకి ప్రవేశించి, గదులకు సీలు వేయించారు. అదే సాయంత్రం లైప్‌జిగ్‌లోని రుండె ఎకె కూడా పౌరుల అధీనంలోకి వచ్చింది. 1990 జనవరి 15న బెర్లిన్ ప్రధాన కార్యాలయం వంతు వచ్చింది. ఆయుధాలున్న భవనాలను ఆయుధాల్లేనివారు ఆక్రమించి, చేతికందిన కాగితాన్ని చించకుండా భద్రపరచడం విప్లవాల చరిత్రలో ఎక్కువగా కనిపించదు.

ఇందులో పొరపాట్లూ జరిగాయి. 1990 ఫిబ్రవరిలో ష్టాజీ మాగ్నెటిక్ టేపుల ధ్వంసానికి గుండ్రబల్ల సమ్మతించింది. విదేశీ గూఢచర్య విభాగం తన దస్త్రాలను తానే నాశనం చేసుకోవడానికి అనుమతి పొందింది. సమాచారం మళ్లీ ఎవరి చేతిలోనైనా ఆయుధమవుతుందన్న భయం ఈ నిర్ణయాల వెనుక ఉంది. ఫలితంగా పెద్ద ఖాళీలు మిగిలాయి.

అసలు పరీక్ష విలీన సమయంలో ఎదురైంది. దస్త్రాలను సుదీర్ఘకాలం మూసి ఉంచాలన్న అభిప్రాయం పశ్చిమ జర్మనీ ప్రభుత్వంలో బలంగా ఉండేది. ఆగస్టు 24న తూర్పు పార్లమెంటు ఆమోదించిన దస్త్రాల చట్టానికి విలీన ఒప్పందంలో మొదట చోటు దక్కలేదు. సెప్టెంబరు 4న బేర్బెల్ బోలై తదితరులు బెర్లిన్ కార్యాలయంలోని గదులను మళ్లీ ఆక్రమించి నిరాహారదీక్షకు దిగారు. రెండు వారాల్లో అదనపు ఒప్పందం కుదిరింది. 1991 నవంబరులో ఉమ్మడి జర్మనీ పార్లమెంటు చట్టం చేసింది. 1992 జనవరి 2న పౌరులు తమపై రాసిన దస్త్రాలను తామే చదవడం మొదలుపెట్టారు. ఇప్పటివరకు 30 లక్షలకు పైగా వ్యక్తిగత దరఖాస్తులు వచ్చాయి. సుమారు 111 కిలోమీటర్ల పొడవున నిలిచే ఈ కాగితాలను 2021 జూన్‌లో జాతీయ అభిలేఖాగారంలో చేర్చారు. ష్టాజీ ఉద్యోగులు చేతులతో చించి సంచుల్లో కుక్కిన వేలాది సంచుల కాగితాల్లో అధికభాగం ఇంకా అతికించవలసే ఉంది.

చదవడం అందరికీ ఊరట కాలేదు. సమాచారదారు తన భర్తేనని, స్నేహితుడేనని తెలిసినవారున్నారు. చదవకూడదని నిశ్చయించుకొన్నవారూ ఉన్నారు. చట్టం ఈ రెండు ఎంపికలనూ పౌరుడికే వదిలింది. రాజ్యం తన గురించి ఏమి రాసిందో తెలుసుకొనే హక్కును బాధితుడికి ఇచ్చిన ఈ ఏర్పాటు తరువాత ఇతర తూర్పు యూరపు దేశాల చర్చల్లో ఉదాహరణగా నిలిచింది. ఎన్నికల్లో ఓడినవారు సాధించిన ఫలితమిది.

7. నినాదం ఎవరిది?

‘వియర్ జిండ్ డాస్ ఫోల్క్’ అన్న నినాదం ఆ అక్టోబరులో ఒక తిట్టుకు జవాబుగా పుట్టింది. నిరసనకారులను అధికార పత్రికలు ‘రౌడీలు’ అన్నాయి. తెలుగువారికి చిరపరిచితమైన ఈ ఇంగ్లీషు మాట తూర్పు జర్మనీ శిక్షాస్మృతిలోకీ ఎక్కింది. ‘మేం రౌడీలం కాదు’ అన్న కేక నుండి ‘మేమే ప్రజలం’ అన్న కేక వచ్చింది. పోలీసులు ప్రజా పోలీసులు, సైన్యం ప్రజా సైన్యం, పార్లమెంటు ప్రజా సభ, ఫ్యాక్టరీ ప్రజల ఫ్యాక్టరీ అయిన దేశంలో, ప్రజలు తాము ఫలానా అని చెప్పుకోవడమే ధిక్కారమైంది.

నవంబరు చివరికి ఊరేగింపుల్లో ‘డాస్’ స్థానంలో ‘ఐన్’ చేరింది. మేం ఒకే జాతి, రెండు జర్మనీలు ఒకటి కావాలి అని. అక్టోబరు 9 నాటి కరపత్రంలోని వాక్యమే అక్షరం మారకుండా ఇలా తిరిగివచ్చింది. అర్థం మాత్రం పోలీసుకూ పౌరుడికీ మధ్య నుండి తూర్పుకూ పశ్చిమానికీ మధ్యకు జరిగింది. జర్మన్‌లో ‘ఫోల్క్’ ప్రజలనూ, జాతినీ రెంటినీ సూచిస్తుంది. తెలుగు అనువాదకుడు రెంటిలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. మొదటి నినాదానికి ‘ప్రజలం’ అని, రెండోదానికి ‘జాతి’ అని రాసినప్పుడు జర్మన్‌లో దాగిన జారుడు తెలుగులో బయటపడుతుంది.

ఆ జారుడు అక్కడితో ఆగలేదు. 2004లో నిరుద్యోగ భృతి కోతకు వ్యతిరేకంగా తూర్పు నగరాల్లో మళ్లీ సోమవారం ఊరేగింపులు జరిగాయి. 2014 అక్టోబరులో డ్రెస్డెన్‌లో మొదలైన ‘పెగీడా’ అనే వలస వ్యతిరేక, ఇస్లాం వ్యతిరేక ఉద్యమం సోమవారాన్నీ, ‘మేమే ప్రజలం’ అన్న నినాదాన్నీ తీసుకొంది. 2019 రాష్ట్ర ఎన్నికల్లో తీవ్ర మితవాద పక్షమైన ‘ఆల్టర్నటీవ్ ఫ్యూర్ డాయిచ్‌లాండ్’ 1989 మలుపును పూర్తిచేయండని ప్రచారం చేసింది. దానికి నిరసనగా వందమందికి పైగా నాటి ఉద్యమకారులు, సాంస్కృతిక ప్రముఖులు బహిరంగ లేఖ విడుదల చేశారు. అయితే నాటి ఉద్యమకారులందరూ ఆ లేఖ పక్షాన లేరన్నది కూడా వాస్తవం. కొందరు ఎదుటి శిబిరానికి చేరువయ్యారు.

అదే ఏడాది చరిత్రకారుల మధ్య మరో వివాదం రేగింది. సమాజశాస్త్రవేత్త డెట్లెఫ్ పొలాక్, 1989 విప్లవాన్ని తెచ్చింది కొద్దిమంది అసమ్మతివాదులు కాదని, సాధారణ జనం తిరుగుబాటేనని రాశాడు. ఉద్యమంలో స్వయంగా భాగమైన తరానికి చెందిన చరిత్రకారుడు ఇల్కో-సాషా కొవల్చుక్ దాన్ని తీవ్రంగా ఖండించాడు. అసమ్మతివాదులు ఏళ్ల తరబడి తెరిచి ఉంచిన చోటు లేకపోతే జనం గుమిగూడేదెక్కడ అన్నది ఖండించినవారి వాదసారం. ఇది పాండిత్య వివాదం మాత్రమే కాదు. విప్లవం పేరులేని జనానిదే అయితే, నేడు ‘మేమే ప్రజలం’ అని వీధికెక్కే ఎవరైనా దాని వారసులమని చెప్పుకోగలరు. అది ఓట్లు లెక్కించినవారిది, కరపత్రాలు అచ్చువేసినవారిది, చిమ్నీ పొగను చూసి కార్యాలయం తలుపు తట్టినవారిది కూడా అయితే, ‘హింస వద్దు’ అన్న మాటను వదిలేసి ‘మేమే ప్రజలం’ అన్న మాటను మాత్రమే తీసుకుపోవడం కుదరదు. 1989 అక్టోబరు 9న ఈ రెండు నినాదాలూ ఒకే ఊరేగింపులో, ఒకే గొంతులతో వినిపించాయి.